అలల అంచున పలక మీద జారే ఆట

నంద్యాల, ఆళ్ళగడ్డ వాళ్ళం, మనకి నీళ్ళంటే కుందూనది, కె.సి. కాలువ. సముద్రం చూడాలంటే రైలెక్కి గుంటూరు మీదుగా బాపట్ల చేరి, సూర్యలంక వెళ్ళాల్సిందే. తీరా వెళ్ళాక "లోపలికి పోవద్దర్రా" అని పిల్లల మీద అరవడంతోనే మన పొద్దు గడిచిపోతుంది. అలాంటి పిల్లలకి చీలమండ లోతు నీళ్ళలోనే నేర్పించదగ్గ ఆట ఒకటుంది. పేరు స్కిమ్ బోర్డింగ్. 1920ల్లో అమెరికాలో, కాలిఫోర్నియాలోని లగూనా బీచ్ లైఫ్‌గార్డులు చెక్కపలకలతో మొదలుపెట్టారని చెబుతారు.

బేతంచెర్ల బండల వసారా కడిగేటప్పుడు సబ్బునీళ్ళ మీద పీట జర్రున జారడం మీరు చూసే ఉంటారు. ఇదీ అంతే. అల ఒడ్డు మీదికి పాకి వెనక్కి మళ్ళేటప్పుడు ఇసుక మీద పల్చని నీటిపొర మిగులుతుంది. పలక దాని మీద జారుతుంది. వేగం తగ్గిందా, ఇసుకకి అంటుకుని ఆగిపోతుంది.

పలక అరంగుళం మందాన, కోడిగుడ్డు ఆకారంలో, ముందు అంచు కాస్త పైకి లేచి ఉండాలి. ఒక చేత్తో వెనక అంచు, రెండో చేత్తో పక్క అంచు పట్టుకుని, వంగి, ఒడ్డు వెంబడే పరుగెత్తాలి. నీటిపొర మీద పలకని బల్లపరుపుగా జారవిడవాలి. ఎత్తు నుంచి పడేస్తే ముక్కు ఇసుకలో గుచ్చుకుంటుంది. పరుగు ఆపకుండానే ముందు ఒక కాలు, వెంటనే రెండోది పలక నడిమధ్యకి. ఎగిరి దూకితే పలక ముందుకి పోతుంది, మనం వెనక్కి పడతాం! మోకాళ్ళు కొంచెం వంచి, చూపు ముందుకి పెట్టాలి. ఇది పట్టుబడిన చాన్నాళ్ళకి గానీ వచ్చే అలకి ఎదురెళ్ళి, దాని మీద తిరిగి ఒడ్డుకి రావడం జోలికి పోకూడదు.

తడి ఇసుక బండతో సమానం. పడినప్పుడు చెయ్యి ఆనిస్తే మణికట్టు బెణుకుతుంది, విరగనూవచ్చు. అమ్మాయిలకైతే చున్నీ తీసేసి, బిగుతైన బట్టలు వేయండి. వాళ్ళని గట్టు మీద కూర్చోబెట్టి మగపిల్లల్నే ఆడనివ్వడం నాకు నచ్చదు.

అసలు భయపడాల్సింది నీళ్ళ వాలుకి. ఒడ్డు ఏటవాలుగా ఉండి, అల ఇసుక మీదే ధభీమని విరిగే చోట ఈ ఆట వద్దు, మెడకే దెబ్బ తగలొచ్చు. రెండు పక్కలా అలలు విరుగుతూ మధ్యలో నీళ్ళు నిమ్మళంగా కనబడితే మురిసిపోకండి. ఒడ్డుకొచ్చిన నీరు చాలాసార్లు ఆ దారినే లోపలికి లాక్కుపోతుంది. అందులో చిక్కితే ఎదురీదకుండా వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి పిలవాలి. ఈత వచ్చినవాళ్ళు ఒడ్డుకి సమాంతరంగా ఈది, పక్కకి తప్పుకోవాలి. బయల్దేరే ముందు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ ఇచ్చే అలల హెచ్చరిక చూడండి. హెచ్చరిక ఉంటే ప్రయాణం వాయిదా వేసుకోండి.

ఇంటికొచ్చాక పలకని మంచినీళ్ళతో కడిగి నీడన ఆరబెట్టండి. ఉప్పు పట్టిన బట్టల్ని ముందు రెండుసార్లు ఉత్త నీళ్ళలో జాడించి, తర్వాతే సబ్బు పెట్టండి. ఉప్పునీళ్ళలో సబ్బు నురగ రాదు.