నీరు వెనుదీసిన ఊరు

అమెరికాలోని కాలిఫోర్నియా ఎడారిలో సాల్టన్ సీ అను ఉప్పునీటి సరస్సు కలదు. 1905లో కొలరాడో నది వరదకు సాగుకాలువ మొగవద్ద గండి పడి, సముద్రమట్టమునకు దిగువనున్న పల్లము నిండినది. 1907లో గండి పూడ్చిరి. నీరు మాత్రము నిలిచినది.

1950, 60 దశకములలో తూర్పుతీరమందలి బాంబే బీచ్ విహారస్థలముగా వెలసిల్లినది. అయితే ఈ సరస్సుకు వెలుపలికి దారి లేదు. పొలములనుండి దిగు మురుగునీరే దీనికి ముఖ్యాధారము. నీరు ఆవిరియగును, ఉప్పు మిగులును. అందుచేత నేడిది మహాసముద్రముకంటె ఉప్పన. చేపలు గుట్టలుగా చచ్చినవి. 1976, 77 తుఫానులకు ఇండ్లు మునిగినవి. విహారులు రాక మానిరి.

2016 నుండి కళాకారులు ఇచట బియనాలే అను కళోత్సవము జరుపసాగిరి. పాడుబడిన ఇల్లొకటి సంగీతనాటకశాలయైనది; తుక్కుకారులు తెరకెదురుగా బారులు తీరినవి; ఎండిన తీరమున శిల్పములు నిలిచినవి.

ఊరు నిర్జనమని తలంచరాదు. 2020 జనగణనలో రెండువందల పైచిలుకు మంది తేలిరి. 2003 ఒడంబడికపై పొలముల నీటిని పొదుపుచేసి నగరములకు మళ్లించుటతో మురుగు తగ్గి, తీరము మరింత బయటపడినది. ఆ ధూళిని పీల్చువారు ఈ ఊరివారే. శిల్పములు లోకపు చూపును ఇటు త్రిప్పగలవు. ధూళిని అణచుటకు కావలసినది మాత్రము నీరేయని మేము తలంచుచున్నాము.