ఛాయాచిత్రకారుడును గ్రామజనులును

అమరసింహుడు తన నిఘంటువునందు ఛాయాశబ్దమునకు నాలుగర్థములు చెప్పినాడు: సూర్యుని భార్య, కాంతి, ప్రతిబింబము, నీడ. ఆయన కాలమున కెమేరా లేదు. అయినను ఆ నాలుగర్థములును ఛాయాచిత్రమునందు చేరియున్నవి. కాంతి లేనిదే చిత్రము లేదు, నీడ లేనిదే ముఖమునకు ఆకృతి లేదు, ఫలితము ప్రతిబింబము. ఇక సూర్యుని భార్య మాట. సంజ్ఞాదేవి భర్త తేజమును సహింపజాలక, తన రూపమే గల ఛాయను ఇంట నిలిపి తాను పుట్టినింటికి వెడలెనని పురాణకథ. మనిషి వెడలిన పిదప రూపము ఇంట నిలిచియుండుట! గోడమీది పటము చేయు పనియు నిదియే కదా.

గ్రామపెద్దలారా, నేడు నేను చెప్పబోవునది ఈ పటములు తీయువారిని గూర్చి. మనవంటివారిని ఎదుట కూర్చుండబెట్టి తీయుటలో వారికి కలిగిన అనుభవములను, వారివద్ద మిగిలియున్న మన సొత్తును గూర్చి నాలుగు మాటలు విన్నవించెదను.

మొదట ఈ విద్య స్వరూపము కొంచెము తెలియవలయును. వెండితో చేరిన కొన్ని లవణములు వెలుగు సోకినచో మార్పుచెంది నల్లబడును. అట్టి లవణమును పూసిన పలకమీద ఎదుటివాని రూపమును కటకముద్వారా పడనిచ్చి, దానిని మందునీటిలో ముంచినచో, వెలుగు సోకినచోట నలుపును, సోకనిచోట తేటదనమును ఏర్పడును. కావున ఆ పలకయందు తెల్లని ధోవతి నల్లగాను, నల్లని జుట్టు తెల్లగాను కనబడును. దానినుండి కాగితముమీద మరల అచ్చు తీసినప్పుడు తారుమారైనది సరియగును. 1839వ సంవత్సరమున ఫ్రాన్సు దేశీయుడగు డగేరు పద్ధతి లోకమునకు వెల్లడి యయ్యెను. 1851లో ఆర్చరు అను ఆంగ్లేయుడు తడిపలక పద్ధతిని ప్రకటించెను. మందు పూసిన పలక ఆరిపోవుటకు ముందే చిత్రము తీసి కడుగవలసియుండుటచే, ఛాయాచిత్రకారుడు చీకటిగుడారమును వెంట మోసికొని తిరుగవలసివచ్చెడిది. 1871లో మాడక్సు అను వైద్యుడు పొడిపలకను కనిపెట్టిన పిదప ఆ బాధ క్రమముగా తీరినది. తొలినాళ్లలో కూర్చున్నవాడు కదలకుండుటకు తలవెనుక ఇనుపకొక్కెమును ఆనించెడివారు. ప్రాచీన పటములలోని మన పూర్వులు కోపిష్ఠులవలె కనబడుటకు ఇదియు నొక కారణము. వారు కోపించుట లేదు, ఊపిరి బిగబట్టియున్నారు.

మన తెలుగుగడ్డమీద ఈ విద్యకు పేరు తెచ్చినవారిలో రాజా దీనదయాళు అగ్రగణ్యుడు. ఆయన 1844లో మీరటు సమీపమందలి సర్ధనాలో జన్మించి, రూర్కీలో చదివి, ఇండోరులో ప్రభుత్వోద్యోగము చేయుచు ఈ కళను అభ్యసించెను. పిదప ఆరవ నిజాము మహబూబు అలీఖాను ఆస్థాన ఛాయాచిత్రకారుడై, సికింద్రాబాదున చిత్రశాలను నెలకొల్పి, ‘ముసవ్విర్ జంగు’ అను బిరుదు నందెను. 1905లో పరమపదించెను. ఆయన తీసిన కోటలను, కొలువులను పలువురు కొనియాడుదురు. నాకు మాత్రము ఆయన పనులలో 1892లో హైదరాబాదున స్త్రీలకొఱకే తెఱచిన చిత్రశాల మిక్కిలి గొప్పదిగా తోచును. ఘోషాలోని స్త్రీలు పరపురుషుని యెదుటికి రారు. వారు రాలేదని నిందింపక, పురుషప్రవేశము లేని మందిరమును ఏర్పఱచి, దాని నిర్వహణమును ఒక ఆంగ్లవనితకు అప్పగించెను. ఎదుటివారి మర్యాదకు తగినట్లు తన విద్యను మలచుకొనినవానికే ఎదుటివారి ముఖము దొరకును.

ఈ సత్యమును నేను సన్నిహితముగా చూచినది ఒక చిన్న పట్టణమున. నేను ఉపాధ్యాయుడుగా నున్న కాలమున, బస్సులు నిలుచు కూడలివద్ద ఒక స్టూడియో యుండెడిది. దాని యజమాని నాకన్న పదునైదేండ్లు పెద్ద. సాయంకాలము బడి విడిచిన పిదప అచట కూర్చుండుట నాకు ముప్పది యేండ్లు అలవాటు. గోడకు కొండలు, కొలను, హంసలు వ్రాసిన తెఱ. మూలను అద్దము, దువ్వెన, పౌడరుడబ్బా. మేకునకు ఒక కోటు, ఒక చేతిగడియారము. ఆ గడియారము నడిచెడిది కాదు. అయినను చుట్టుపట్ల పది గ్రామముల పెండ్లికుమారులందఱి చేతులకును అదియే యెక్కినది.

పటము తీసిన ఆయుస్సు తగ్గునని జంకువారు ఆ దినములలో ఇంకను ఉండిరి. ఆయన వాదించెడివాడు కాడు. గోడమీది తన నాయనమ్మ పటమును చూపి, “ఈమెను తీసి ఇరువది యేండ్లయినది. నిన్ననే ఆవకాయ కలిపినది” అనెడివాడు. వాదమునకు లొంగనివారు ఆవకాయకు లొంగిరి.

ఒకనాడు ఒక రైతును కొంచెము ప్రక్కకు త్రిప్పి, ముఖముమీద వెలుగునీడలు చక్కగా పడునట్లు తీసెను. కళాదృష్టితో అది ఉత్తమచిత్రము. రైతు దానిని చూచి, “రెండవ చెవి యేది నాయనా? రూకలు పూర్తిగానే ఇచ్చితిని గదా!” అనెను. ఆయన నవ్వలేదు. మరల ఎదురుగా కూర్చుండబెట్టి, రెండు చెవులు, పది వ్రేళ్లు, రెండు పాదములు కనబడునట్లు తీసి, రెండవ పైకము పుచ్చుకొనక ఇచ్చెను. “పంతులుగారూ, ఆయన అడిగినది అందము కాదు, తాను లోపము లేకుండ ఇంటివారికి మిగులవలెనని” అని నాతో చెప్పెను. ఆ మాటలో నాకు ఒక శాస్త్రమే కనబడినది.

అన్నిటికన్న కష్టమైనది పెండ్లిచూపులకు పంపు పటము. పలకమీద సన్నని పెన్సిలుతో దిద్ది మచ్చలు మాపుట ఈ వృత్తిలో నొక భాగము. ఆయనకు ఒక నియమముండెను: పది దినములలో పోవు మొటిమను మాపును, పుట్టుకతో వచ్చిన మచ్చను, ఛాయను ముట్టడు. ఒక తండ్రి వచ్చి, బిడ్డను పచ్చగా చూపుమని బ్రతిమాలి, రెట్టింపు ఇచ్చెదననెను. ఆయన తలయూపలేదు. “పటమును చూచి వచ్చినవారు పిల్లను చూచి తిరిగిపోయినచో, ఆ యవమానము మీకును నాకును కాదండీ, ఆ పిల్లకు” అనెను. ఆ తండ్రి కోపముతో వెడలి వేఱొక చోట తీయించెను. ఆ బేరము పోయినందుకు ఈయన చింతింపలేదు.

మఱియొకనాడు ఇద్దఱన్నదమ్ములు మాసిన గడ్డములతో వచ్చిరి. తల్లి పోయి నాలుగు దినములైనది. పదునొకండవనాటికి పటము కావలెను. ఆమె జీవితమున ఒక్క పటమైనను తీయించుకొనలేదు. ఛాయాచిత్రకారుడు ఊరి పేరడిగి, దస్తరములు దించెను. తీసిన ప్రతి పలకకును సంఖ్య, తేదీ, పేరు, గ్రామము వ్రాసి యుంచుట ఆయన అలవాటు. పండ్రెండేండ్లనాటి ఒక పెండ్లి గుంపుచిత్రమున, అంచున, చెఱగు సగము ముఖముమీదికి లాగుకొని నిలిచియున్నది ఆ తల్లి. శనగగింజంత ముఖము. దానినే పెద్దది చేసి యిచ్చెను. కనులు మసకగానుండెను. అయినను పెద్దకొడుకు చూచి, “అమ్మే” అని అక్కడనే కూలబడెను. పుస్తకమున ఒక పంక్తి వ్రాసియుండుటచే ఆ తల్లి దొరికినది.

1993లో వోటరుకు ఛాయాచిత్రముతో గుర్తింపుపత్రము ఇచ్చు నిర్ణయము వెలువడినది. మా ప్రాంతమున పెక్కుమంది ముదుసలి స్త్రీలకు అదియే మొదటిపటము. కొందఱికి అదియే కడపటిది. ఆ చిన్న పటమునే పెద్దది చేయించి పూలదండ వేసిన ఇండ్లను నేనెఱుగుదును.

తరువాత సంఖ్యామయమైన కెమేరాలు, చేతిఫోనులు వచ్చినవి, స్టూడియో మూతపడినది. మిగిలినవి వేలకొలది పలకలు, ఫిల్ములు. వానినుండి వెండి తీయవచ్చునని పాతసామాను వర్తకులు బేరమాడుటయు కలదు. ఆయన అమ్మలేదు. కాని ఒక వానకాలమున పైకప్పు కాఱి, కొన్ని యేండ్ల దస్తరములు తడిసి చదువరాకుండ పోయినవి. ముఖములు నిలిచినవి, పేర్లు పోయినవి.

గత వేసవిని నేను వానిలో నూఱింటికి ప్రతులు తీయించి, ఒక గ్రామమున రచ్చబండవద్ద పెద్దలయెదుట పఱచితిని. అఱువదికి పైగా పేర్లు తెలిసినవి. ఒక వృద్ధుడు తన చెల్లెలిని పదేండ్ల పిల్లగా చూచి చాలసేపు మాటాడలేదు. తక్కినవారిని ఎవ్వరును పోల్చలేకపోయిరి. నాడు పేర్లు చెప్పినవారిలో ఇద్దఱు నేడు లేరు. వారు చెప్పకయే వెడలియుండినచో, మఱికొన్ని ముఖములు అనాథలై యుండెడివి.

కావున పెద్దలకు నా విన్నపము. మీ యింటి పటములను దించి చూడుడు. వెనుకభాగమున, అంచువద్ద, మెత్తని పెన్సిలుతో తేలికగా పేరు, ఊరు, వరుస, తెలిసినచో సంవత్సరము వ్రాయుడు. కలముతో వ్రాసిన సిరా ఊరి ముందువైపునకు రావచ్చును. తడిగోడకు వ్రేలాడదీయకుడు, ఎండ తగులనీయకుడు. రంగుల పటములు సాధారణముగా నలుపు తెలుపు పటములకన్న త్వరగా వెలసిపోవును. చెమ్మచే అద్దమునకు అంటుకొనిన పటమును బలిమిని పీకకుడు; అద్దముతోనే దానికి ప్రతి తీయింపుడు. పాత స్టూడియో మీ పట్టణమున మూతపడుచున్నచో, ఆ పెట్టెలు పాతసామానువానికి పోకముందు అడిగి చూడుడు.

మనుమలకు చేతిఫోను నేర్పుట తెలియును. ఆ పటములోనివారెవరో తెలియదు. సంక్రాంతికి వారు ఇంటికి వచ్చినప్పుడు, ఒక పూట పటములను ముందఱ వేసికొని కూర్చుండుడు. మీరు పేరు చెప్పుడు, వారు వ్రాయుదురు.