మాట తగిలితే నొప్పి ఎందుకు?

మన ఇళ్లలో బియ్యం అయిపోతే 'అయిపోయాయి' అనరు, 'నిండుకున్నాయి' అంటారు. దీపం ఆరిపోతే 'కొండెక్కింది' అంటారు. ఊరికి బయలుదేరేవారు 'వెళ్తాను' అనకుండా 'వెళ్లొస్తాను' అంటారు. ఎప్పుడూ నోట మంచి మాటే రావాలని పెద్దల పట్టుదల. మరి మాటకు నిజంగా అంత శక్తి ఉందా?

'నిండుకున్నాయి' అన్నంత మాత్రాన బియ్యం డబ్బా నిండదు కదా అంటారు మీరు. నిజమే! మాట వస్తువును మార్చలేదు. మరి దేన్ని మారుస్తుంది? ఒక ఉదాహరణ చూద్దాం.

మచిలీపట్నంలో చిలకలపూడి అనే ప్రాంతం ఉంది. రాగి వంటి చవక లోహంతో గాజులు, గొలుసులు చేసి, వాటికి పలుచని బంగారు పూత పూయడంలో అక్కడి పనివారు పేరు పొందారు. బంగారు లవణం కలిపిన ద్రావణంలో నగను ముంచి విద్యుత్తు పంపితే, ద్రావణంలోని బంగారం అయాన్లు వచ్చి నగ మీద పొరగా పేరుకుంటాయి. పొర అంతటా ఒకేలా రావాలంటే నేర్పు కావాలి. బంగారం కొనలేని ఎన్నో ఇళ్లలో ఈ నగలే ముచ్చట తీర్చాయి. అయితే ఆ ఊరి పేరే కొందరి నోట ఎత్తిపొడుపుగా మారింది.

పుట్టినరోజున ఒక అమ్మాయి కొత్త గొలుసు వేసుకొని బడికి వచ్చింది. "ఓహో, చిలకలపూడి సరుకా!" అని పక్కవారు నవ్వారు అనుకోండి. గొలుసులో ఒక్క పరమాణువు కూడా మారదు. కాని ఆ అమ్మాయి ముఖం వాడిపోతుంది. చెవులు వేడెక్కుతాయి. గుండె దడదడలాడుతుంది. ఎందుకు?

ఇది శబ్దంలోని శక్తి వల్లనేనా? లెక్క చూద్దాం. మామూలుగా మాట్లాడేటప్పుడు మన గొంతు నుండి వెలువడే శబ్దశక్తి ఒక వాటులో లక్షవ వంతుకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. 60 వాట్ల బల్బుకు సరిపడే శక్తి రావాలంటే లక్షలమంది ఒకేసారి మాట్లాడాలి! పైగా అదే ఎగతాళిని మనకు తెలియని భాషలో, నవ్వు ముఖంతో అంటే మనకు చీమ కుట్టినట్టయినా ఉండదు. కనుక నొప్పి శబ్దంలో లేదు, అర్థంలో ఉంది. అర్థం తయారయ్యేది మన మెదడులో.

శబ్ద తరంగాలు కర్ణభేరిని కదిలిస్తాయి. మూడు చిన్న ఎముకలు ఆ కదలికను లోపలి చెవిలోని కర్ణావర్తానికి అందిస్తాయి. అక్కడి కణాలు దాన్ని విద్యుత్ సంకేతాలుగా మార్చి, శ్రవణనాడి ద్వారా మెదడుకు పంపుతాయి. 'ఇది అవమానం' అని మెదడు గ్రహించగానే, అపాయం ఎదురైనట్టుగా శరీరాన్ని హెచ్చరిస్తుంది. మూత్రపిండాలపై ఉండే అధివృక్క గ్రంథులు ఎడ్రినలిన్‌ను విడుదల చేస్తాయి. గుండె వేగం పెరుగుతుంది. పామును చూసినప్పుడు జరిగేదీ ఇదే. కాని పాము నుండి పరుగెత్తి తప్పించుకోవచ్చు. విన్న మాట వెంటే వస్తుంది. అందుకే ఆ పూట పాఠం చెవికెక్కదు.

2003లో అమెరికా శాస్త్రజ్ఞులు ఒక ప్రయోగం చేశారు. కొందరిచేత కంప్యూటరుపై బంతి విసిరే ఆట ఆడించారు. కొంతసేపటికి తోటి ఆటగాళ్లు వారికి బంతి ఇవ్వడం మానేసినట్లు చూపారు. ఒక్క తిట్టు లేదు, దెబ్బ లేదు. అయినా శారీరక బాధతో సంబంధమున్న మెదడు భాగమొకటి చురుకైంది. రెండు బాధలూ పూర్తిగా ఒకటే అని దీని అర్థం కాదు. కాని 'మాటే కదా, దులుపుకుపో' అనడం సరికాదని మాత్రం తెలుస్తుంది.

మరి దీవెన సంగతి? 1968లో రోసెంతాల్, జాకబ్సన్ అనే పరిశోధకులు కాలిఫోర్నియాలోని ఒక బడిలో చేసిన ప్రయోగ ఫలితాలను ప్రకటించారు. కొందరు పిల్లల పేర్లను చీటీలు తీసినట్లు ఎంచి, 'వీళ్లు ఈ ఏడు బాగా రాణిస్తారు' అని టీచర్లతో చెప్పారు. ఏడాది చివర చూస్తే ఒకటి, రెండు తరగతుల్లోని అటువంటి పిల్లల తెలివి పరీక్ష మార్కులు మిగతావారికంటే బాగా పెరిగాయి. ఈ ప్రభావం ఎంత అన్నదానిపై తర్వాత చాలా వాదాలు జరిగాయి. అయినా ఒకటి గమనించండి: ఆ మాట ఏ మంత్రం వల్లనూ పనిచేయలేదు. టీచర్లు ఆ పిల్లలవైపు మరింత ఆశతో చూసి, ఓపికగా నేర్పి ఉంటారని పరిశోధకులు భావించారు. 'నీవల్ల అవుతుంది' అన్న మాట వెనుక అటువంటి ఓపిక ఉంటేనే అది దీవెన అవుతుంది.

కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని మనవాళ్లు ఊరికే అనలేదు. ఎవరినైనా ఎగతాళి చేయబోయే ముందు ఒక్క క్షణం ఆగండి. ఎవరినైనా మెచ్చుకోవాలనిపిస్తే మాత్రం ఆగకండి. 'గొలుసు నీకు బాగుంది' అనడానికి ఆ గొలుసు బంగారమే కానక్కరలేదు!