రెండున్నర సెంటీమీటర్ల బావిలోకి వెలుగు

పల్లెల్లో బావిలో చెంబు పడితే పాతాళగరిగె కంటే ముందు అద్దం తెమ్మనేవారు. గట్టు మీద నిలబడి ఎండను అద్దంతో లోపలికి మళ్లిస్తే, అప్పటిదాకా నల్లగా ఉన్న అడుగున ఇత్తడి చెంబు తళుక్కుమనేది. పొద్దున పూట బయట ఎండ ఎంత కాసినా బావి లోపల చీకటే. అక్కడ వెలుగు చాలక కాదు, అది వస్తున్న దిక్కు సరిగ్గా లేక.

అమెరికాలో ఎంతోమంది ఇళ్ల గ్యారేజీల్లో ఇదే సమస్య ఉంది. కాకపోతే వాళ్ల బావి లోతు రెండున్నర సెంటీమీటర్లే, అందులో వెతికేది చెంబు కాదు, తుపాకి మందు.

షూటింగ్ సాధన చేసేవారు, వేటగాళ్లు అక్కడ వాడేసిన తూటాల ఇత్తడి కేసులను పారేయరు. వాటిని శుభ్రం చేసి, కొత్త ప్రైమర్ బిగించి, కొలిచిన మందు పోసి, పైన బుల్లెట్ అమర్చి మళ్లీ వాడతారు. దీన్నే రీలోడింగ్ అంటారు. మన దేశంలో లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం 1959 నాటి ఆయుధాల చట్టం కింద నేరం. ఈ వ్యాసం తూటాలు చేయడం గురించి కాదు. ఆ బల్ల మీద వేలాడే దీపం గురించి. ఆ పనిలో బుల్లెట్ బిగించేలోపు కంటితో చేసే ఒక తనిఖీ ఉంటుంది. ఆ తర్వాత లోపల ఏముందో బయటి నుంచి కనిపించదు.

అక్కడ జరిగే పొరపాట్లలో రెండు మరీ ప్రమాదకరం. ఒకటి, ఒకే కేసులో మందు రెండుసార్లు పడటం. మామూలు లెక్కలో రెట్టింపు మందుకు రెట్టింపు పీడనం రావాలి. కానీ పొగరాని తుపాకి మందు పీడనం పెరిగేకొద్దీ ఇంకా వేగంగా కాలుతుంది. అందుకే పీడనం రెట్టింపు దగ్గర ఆగదు, తుపాకి చేతిలోనే పగిలిపోవచ్చు. రెండోది దీనికి తలకిందులు. అసలు మందే పడని తూటాలో ప్రైమర్ ఒక్కటే పేలి, బుల్లెట్‌ను బ్యారెల్‌లోకి కొంతదూరం తోసి వదిలేస్తుంది. చప్పుడు చిన్నగా వస్తుంది. అది గమనించక మరోసారి ట్రిగ్గర్ నొక్కితే, దారి మూసుకుపోయిన గొట్టంలోకి రెండో బుల్లెట్ దూసుకొస్తుంది.

ఈ రెండోదానికి దగ్గరి సంఘటన సినిమా చరిత్రలో నమోదై ఉంది. 1993 మార్చిలో అమెరికాలోని విల్మింగ్టన్‌లో 'ది క్రో' చిత్రీకరణ సమయంలో బ్రూస్ లీ కుమారుడు బ్రాండన్ లీ మరణించారు. కెమెరాకు చూపడానికి అసలు తూటాల్లోంచి మందు తీసేసి, బుల్లెట్లు తిరిగి పెట్టారు. ఒకదాని ప్రైమర్ మాత్రం సజీవంగానే మిగిలింది. అది పేలి బుల్లెట్ బ్యారెల్‌లో ఇరుక్కుంది, ఎవరూ చూడలేదు. తర్వాత అదే తుపాకిలో ఖాళీ తూటా పేల్చారు. ఆ పీడనానికి ఇరుక్కున్న బుల్లెట్ బయటికి వచ్చింది. ఆయన వయసు 28. అది రీలోడింగ్ బల్ల మీద జరిగిన తప్పు కాదు గానీ, భౌతికశాస్త్రం మాత్రం అదే.

ఇప్పుడు బావి దగ్గరికి వద్దాం. అమెరికాలో బాగా వాడే రివాల్వర్ తూటాల్లో '.38 స్పెషల్' ఒకటి. ఇది 1898 నాటిది. అప్పటి నల్లమందు ఎక్కువ చోటు పట్టేది కాబట్టి కేసును పొడవుగా, 29 మిల్లీమీటర్లకు పైగా రూపొందించారు. నేటి మందు శక్తిమంతమైనది, కొంచెం చాలు. దాంతో కేసులో చాలా భాగం ఖాళీగానే ఉంటుంది. పొరపాటున రెండోసారి మందు పడినా పొంగి బయటికి రాదు, నిశ్శబ్దంగా ఇమిడిపోతుంది. పాత కొలత, కొత్త మందు కలిసి చేసిన చిక్కు ఇది.

అడుగున ఉన్న మందపాటి ఇత్తడి పోను లోపలి లోతు సుమారు 25 మిల్లీమీటర్లు, వెడల్పు 9 మిల్లీమీటర్లు. నిట్టనిలువుకు 45 డిగ్రీల వాలుతో కాంతి వస్తే, అంచు నీడ ఎదుటి గోడ మీద 9 మిల్లీమీటర్ల లోతులోనే పడుతుంది. దాని కింద నేరుగా పడే వెలుగే లేదు. 25 డిగ్రీలకు తగ్గిస్తే 19 మిల్లీమీటర్ల దాకా దిగుతుంది. అడుగు తాకాలంటే 20 డిగ్రీల లోపే ఉండాలి. అంటే దీపం దాదాపు కేసు నెత్తిన ఉండాలి. కానీ లోపలికి చూడాలంటే మన తల కూడా సరిగ్గా అక్కడే ఉండాలి. గ్యారేజీ కప్పు మధ్యలో ఎంత పెద్ద ట్యూబ్‌లైటు పెట్టినా, వంగగానే తల నీడ బల్ల మీద పడుతుంది.

దూరం కూడా ఒక శత్రువే. దీపం చిన్నదైతే వెలుగు దూరం వర్గానికి విలోమంగా తగ్గుతుంది. రెండు మీటర్ల ఎత్తున్న బల్బును అర మీటరుకు దించితే అదే బల్బు 16 రెట్ల వెలుగునిస్తుంది. కొత్త బల్బు కొనే ముందు ఉన్నదాన్ని కిందికి దించి చూడటం మేలని అందుకే అనిపిస్తుంది.

తల నీడ చిక్కును వైద్యులు ఎప్పుడో విప్పారు. కంటిపాప ఎందుకు నల్లగా కనిపిస్తుంది? లోపలికి వెలుగు వెళ్లాల్సిన దారిలోనే చూసేవాడి తల అడ్డుంటుంది కాబట్టి. 1851లో హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్ ఆఫ్తాల్మోస్కోప్‌తో చూపు దారిలోంచే వెలుగును పంపి, బతికున్న మనిషి రెటీనాను చూపించాడు. చెవి, ముక్కు, గొంతు డాక్టర్లు నుదుటన కట్టుకునే గుండ్రటి అద్దం మధ్యలో రంధ్రం ఉండేదీ ఇందుకే. అద్దం వెలుగును లోపలికి పంపుతుంది, కన్ను ఆ రంధ్రంలోంచి చూస్తుంది. రీలోడింగ్ బల్లల మీద ఇప్పుడు నుదుటి లైట్లు, వంగే మెడ ఉన్న ఎల్‌ఈడీలు, యంత్రంలోనే కేసు పక్కన అమర్చే చిన్న లైట్లు కనిపిస్తాయి. కొందరు కేసు నోటి పైన బుల్లి కెమెరా, అద్దం పెట్టుకుంటారు. అన్నీ బావి గట్టు మీది అద్దానికి చుట్టాలే.

అయితే వెలుగు ఉంటే చాలదు. తుపాకి మందు గింజలకు సాధారణంగా గ్రాఫైట్ పూత ఉంటుంది, రంగు ముదురు బూడిద. పడిన కాంతిలో ఎక్కువ భాగాన్ని మింగేస్తుంది. చుట్టూ ఇత్తడి అద్దంలా మెరుస్తుంది. దీపం మరీ తీక్షణమైన చుక్కలా ఉంటే అంచు మీది మెరుపుకే కన్ను అలవాటుపడి, లోపలి నలుపు ఇంకా నల్లగా కనిపిస్తుంది. వెలుగు పెంచినకొద్దీ చూపు తగ్గడం అంటే ఇదే. పాలరంగు తెర వెనుక నుంచి వచ్చే మెత్తని వెలుగు ఈ మెరుపును తగ్గిస్తుంది.

కానీ మెత్తని వెలుగుకు నీడలుండవు, కొన్నిసార్లు నీడే కావాలి. మందు ఒకసారి పడితే మట్టం మూతి నుంచి 20 మిల్లీమీటర్ల కింద, రెండుసార్లు పడితే 15 మిల్లీమీటర్ల కింద ఉంటుందనుకుందాం. దీపాన్ని 25 డిగ్రీల వాలులో పెడితే నీడ గీత 19 దగ్గర ఉంటుంది. సరైన కేసులో మందు పూర్తిగా నీడలో ఉంటుంది. రెండుసార్లు పడినదాంట్లో ఒక అంచున నెలవంకలా వెలుగు పడుతుంది. దీపమే కొలబద్ద అయింది! నాకు ఈ విషయంలో అన్నింటికన్నా నచ్చిన భాగం ఇదే. అయితే ఇత్తడి గోడల మీంచి ప్రతిఫలించే వెలుగు ఈ గీతను కొంత చెరిపేస్తుంది, కాబట్టి అసలు బల్ల మీద ఇది కాగితం మీదున్నంత స్పష్టంగా ఉండదు.

అందుకే జాగ్రత్తపరులు ఒక్కో కేసునూ విడిగా చూడరు. రంధ్రాలున్న దిమ్మెలో యాభై కేసులను వరుసగా నిలబెట్టి, మందు పోశాక ఒకే దీపం కింద అన్నింటినీ చూస్తారు. 'ఇందులో ఎంతుంది' అనేదానికంటే 'ఏది పక్కదానిలా లేదు' అనేదానికి కన్ను త్వరగా జవాబు చెబుతుంది. వరుసగా తిరుగుతూ తూటాలు తయారుచేసే యంత్రాల్లో ఈ సౌకర్యం లేదు. ఒక్కో కేసు ఒక్క క్షణమే, అదీ యంత్రం నీడలో కనిపిస్తుంది. మందు మట్టం తేడాగా ఉంటే ఆపేసే పరికరాలు దొరుకుతాయి, కానీ వాటిని పెట్టుకున్నవారు కూడా లైటు తీసేయరు.

చూసేవాడి వయసు సంగతీ ఉంది. వయసుతో కంటిపాప చిన్నదవుతుంది, కటకం పసుపెక్కుతుంది. అరవై ఏళ్ల కంటిలో రెటీనాకు చేరే వెలుగు ఇరవై ఏళ్ల కంటికి చేరేదానిలో దాదాపు మూడో వంతే. తండ్రి బల్ల మీద కొడుక్కి అన్నీ కనిపిస్తుంటే, ఆ దీపం తండ్రికి సరిపోతుందని అర్థం కాదు.

మన దగ్గర ఇలాంటి చూపు పని నిత్యం జరిగే చోటు మందుల ఫ్యాక్టరీ. హైదరాబాద్ పరిసరాల్లో తయారయ్యే ఇంజెక్షన్ సీసాల్లో నలుసుల కోసం మనుషులు కంటితో వెతుకుతారు. యూరోపియన్ ఫార్మకోపియా ప్రకారం సీసా దగ్గర వెలుగు 2000 నుంచి 3750 లక్స్ ఉండాలి, తెల్లని తెర ముందు 5 సెకన్లు, నల్లని తెర ముందు 5 సెకన్లు చూడాలి. నల్ల నలుసు తెలుపు ముందు, తెల్ల నలుసు నలుపు ముందు పట్టుబడతాయి. అక్కడ ఎంత వెలుగుండాలో, ఎంతసేపు చూడాలో రాసి పెట్టారు. గ్యారేజీలో అలా రాసిచ్చేవారు లేరు, దీపం ఎక్కడ పెట్టాలో ఆ మనిషే తేల్చుకోవాలి.

తేల్చుకునేటప్పుడు వేడిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. మందు పక్కన నిప్పురవ్వ ఎంత ప్రమాదమో, చేతికి అందేంత దగ్గర కాలే హాలోజన్ బల్బు కూడా అంత తెలివితక్కువ పని. ఎల్‌ఈడీ వచ్చాకే దీపాన్ని ఇంత దగ్గరికి తేవడం తేలికైంది. ఇక అదే వెలుగు మందుకు మంచిది కాదు. పారదర్శకమైన తొట్టిలో రోజుల తరబడి ఎండకూ దీపాలకూ వదిలేస్తే అది చెడుతుంది. అందుకే పని ముగిశాక మిగిలిన మందును దాని అసలు డబ్బాలోకే పోసి, మూత బిగించి, ఆ తర్వాతే బల్ల మీది దీపం ఆర్పుతారు.