గింజ లేని అరటికి పిలక ఎలా పుడుతుంది?

అరటిపండును అడ్డంగా కోస్తే మధ్యలో చిన్న నల్లచుక్కలు కనిపిస్తాయి. గింజలు కావాల్సినవే అవి. కాలేకపోయాయి.

ఎందుకు కాలేదు?

అడవి అరటి కాయలో మిరియాల్లాంటి గట్టి గింజలుంటాయి. దాని కణంలో 11 క్రోమోజోముల జట్లు రెండు, మొత్తం 22. మనం తినే రకాల్లో చాలావాటికి మూడు జట్లు, అంటే 33. పుప్పొడి, అండం తయారయ్యేటప్పుడు క్రోమోజోములు జంటకట్టి చెరిసగంగా విడిపోవాలి. మూడు జట్లను రెండు వాటాలు వేయడమెలా? పంపకం కుదరదు, గింజ కట్టదు. ఈ రకాల్లో కాయ ఊరడానికి పరాగ సంపర్కం కూడా అక్కర్లేదు. అందుకే గింజ లేకున్నా గెల నిండుతుంది.

మరి కొత్త మొక్క ఎలా వస్తుంది?

మనం మాను అనుకునే బోదె నిజానికి ఆకుల అడుగు పట్టలు ఒకదాన్నొకటి చుట్టుకున్న కట్ట. అసలు కాండం మట్టిలోని దుంప. దాని మీది మొగ్గ మొలిస్తే పిలక. మొగ్గలో కణాలు రెండవుతున్నప్పుడు ముందు 33 క్రోమోజోములకూ నకళ్లు తయారవుతాయి, తర్వాత చెరొక 33 చేరతాయి. ఇక్కడ జంటకట్టే పనే లేదు కనుక మూడు జట్లున్నా ఇబ్బంది రాదు. రణపాల ఆకు అంచున మొలిచే బుల్లి మొక్కలూ, అల్లం కొమ్ముకు వచ్చే మొలకా ఇదే పద్ధతి.

ఏ పిలకైనా పనికొస్తుందా?

రాదు. కత్తిలా సన్నటి ఆకులున్న సూది పిలకనే రైతు ఎంచుకుంటాడు. దాని అడుగున దుంప బలంగా ఉంటుంది. చిన్నప్పుడే వెడల్పాకులు వేసే పిలక దుంప బలహీనం, గెలా చిన్నదే.

ఇందులో లాభమేమిటి, నష్టమేమిటి?

మామిడి టెంక పాతితే తల్లి రుచే వస్తుందన్న భరోసా లేదు. చక్కెరకేళి పిలక పాతితే చక్కెరకేళే. కానీ తోటంతా ఒకే ఒడలైనప్పుడు ఒక చెట్టును కూల్చిన తెగులుకు మిగతావీ లొంగుతాయి. గ్రాస్ మిషెల్ అనే రకం ఒకప్పుడు ప్రపంచ ఎగుమతులను ఏలింది. నేలలోని శిలీంధ్రం తెచ్చే పనామా తెగులుకు 1960ల కల్లా ఆ వ్యాపారం నుంచే తప్పుకుంది. దాని చోటికి వచ్చిన కావెండిష్‌నూ ఇప్పుడు అదే తెగులులోని మరో రకం వేధిస్తోంది. మన అమృతపాణికీ పనామా బెడద ఉంది.

పిలక తల్లి రుచితోపాటు తల్లి తెగులునూ మోసుకెళ్తుంది. అందుకే తెలిసిన రైతు పిలకను చూసేముందు అది పుట్టిన తోటను చూస్తాడు.