రోజుకి 86,400 ఫోటోలు, పనికొచ్చేవి ఎన్ని? కెమెరా దగ్గరే వడపోత కథ

సెకనుకి ఒక ఫోటో తీసే కెమెరా రోజుకి 86,400 ఫోటోలు తీస్తుంది. ఒక్కోటి 200 కేబీ వేసుకున్నా 17 జీబీ దాటిపోతుంది. మన ఫోన్‌లో ఉండే రోజుకి 2 జీబీ ప్యాక్ లెక్కన, ఎనిమిది రోజుల కోటా ఒక్క కెమెరా ఒక్కరోజులో మింగేస్తుందన్నమాట. పోనీ అందులో అంత సమాచారం ఉందా? అదే గేటు, అదే గోడ, పొద్దున్నుంచి కదలని అదే స్కూటీ.

ఇది ఇంటి కెమెరాల గోల మాత్రమే కాదు. 2018 పులుల గణనలో దేశమంతా 26,838 చోట్ల కెమెరా ట్రాప్‌లు పెట్టారు. మన నల్లమల అడవులు కూడా ఆ లెక్కలోవే. వచ్చిన ఫోటోలు 3,48,58,623. వాటిలో పులి కనిపించినవి 76,651, అంటే సుమారు 455కి ఒకటి. మిగతా జంతువుల ఫోటోలూ విలువైనవేగా అంటారా, సరే. కానీ టాంజానియాలోని స్నాప్‌షాట్ సెరెంగెటి ప్రాజెక్టు చూడండి. 225 కెమెరాలు తీసిన ఫోటోల్లో దాదాపు 75 శాతంలో అసలు జంతువే లేదు. ఎండకి వేడెక్కిన గడ్డి గాలికి ఊగితే చాలు, సెన్సర్ 'ఏదో వచ్చింది' అనుకుని క్లిక్ కొట్టేస్తుంది.

అందుకే ఇప్పుడు వడపోతని సర్వర్ నుంచి కెమెరా దగ్గరికే తెస్తున్నారు. ఎడ్జ్‌లో ప్రాసెసింగ్ అంటే ఇదే. ఐడియా సింపుల్: కొత్త ఫోటో పాతదానిలాగే ఉంటే పంపొద్దు. చిక్కంతా ఆ 'లాగే' అనే మాటలో ఉంది.

అందరూ మొదట చేసేది రెండు ఫ్రేమ్‌ల పిక్సెల్స్ తీసివేసి చూడటం. పగలు బానే పనిచేస్తుంది. రాత్రి చూడాలి దీని తంటాలు! వెలుతురు తగ్గగానే సెన్సర్ గెయిన్ పెరిగి, ఫోటో నిండా నాయిస్ చుక్కలు. ఏమీ కదలకపోయినా ప్రతి ఫ్రేమూ కొత్తదే దీనికి. ఒక బండి హెడ్‌లైట్ గోడమీద పడితే ఇక చెప్పక్కర్లేదు.

తర్వాతి మెట్టు పర్సెప్చువల్ హ్యాష్. డీహ్యాష్ అనే పద్ధతిలో ఫోటోని బ్లాక్ అండ్ వైట్ చేసి, 9×8 సైజుకి కుదించి, పక్కపక్క గడుల్లో ఏది ఎక్కువ వెలుగో చూసి 64 బిట్లు రాసుకుంటుంది. రెండు ఫోటోల మధ్య ఎన్ని బిట్లు మారాయో లెక్కపెడితే సరి. రాస్ప్‌బెర్రీ పై మీద కూడా చిటికెలో అయిపోయే పని. నాకూ ఇదంటే ఇష్టమే. కానీ ఒక్కసారి లెక్క వేయండి. 1920×1080 ఫ్రేమ్‌ని అలా కుదిస్తే ఒక్కో గడి సుమారు 213×135 పిక్సెల్స్, అంటే 28,800. దూరంగా గోడ దగ్గర నిలబడ్డ మనిషి 30×80 పిక్సెల్స్ ఉన్నాడనుకుందాం, అంటే 2,400. అతను ఒకే గడిలో పడ్డా అందులో 8 శాతమే. చాలాసార్లు ఒక్క బిట్ కూడా మారదు. కెమెరా దృష్టిలో అది 'డూప్లికేట్'. మనం కెమెరా పెట్టిందే ఆ మనిషి కోసం!

ఊక తూర్పారబట్టబోతే గింజలు కూడా ఎగిరిపోయినట్టే కదా ఇది.

మోబైల్‌నెట్ లాంటి చిన్న న్యూరల్ నెట్‌వర్క్‌తో ఫోటోని ఎంబెడింగ్‌గా మార్చి పోల్చడం ఇంకాస్త తెలివైన దారి. వెలుతురు మార్పులకి ఇది అంతగా కంగారుపడదు. అయినా మొత్తం ఫ్రేమ్‌ని ఒకే ఎంబెడింగ్ చేస్తే చిన్న వస్తువు ఇక్కడా మునిగిపోతుంది. అందుకే నేను మా గేటు కెమెరా ఫ్రేమ్‌ని ముక్కలుగా కోసి, ఏ ముక్కకి ఆ ముక్క పోల్చుతాను. ఒక్క ముక్క మారినా ఫోటో వెళ్తుంది. ప్రాసెసర్ కాస్త వేడెక్కుతుంది, ఎక్కనీ.

'అన్నీ పంపేస్తే గొడవ ఉండదుగా, మోడల్‌కి డేటా ఎంతుంటే అంత మంచిది' అనే ఫ్రెండ్స్ నాకు చాలామంది ఉన్నారు. ఒప్పుకోను. ఒకే సీన్ ఫోటోలు ట్రైనింగ్‌లోనూ టెస్ట్‌లోనూ పడితే, మోడల్ నేర్చుకుందో బట్టీ పట్టిందో తెలీదు. ఎంతోమంది వాడే సిఫార్-10 టెస్ట్ ఫోటోల్లో 3.3 శాతానికి, సిఫార్-100లో 10 శాతానికి ట్రైనింగ్ సెట్‌లోనే డూప్లికేట్లు ఉన్నాయని 2019లో ఒక పరిశోధన తేల్చింది. పరీక్షకి ముందే పేపర్ లీకైనట్టు. మెటా వాళ్ల సెమ్‌డీడూప్ పేపర్‌లోనైతే (2023) లాయన్ డేటాసెట్‌లోని ఒక భాగం నుంచి అర్థం ఒకటేలా ఉన్న ఫోటోలు తీసేస్తూ, సగం డేటా పారేసినా పనితనం పెద్దగా తగ్గలేదు.

కాబట్టి తగ్గించాల్సిందే. కాకపోతే పారేసే ముందు నేను కొన్ని జాగ్రత్తలు పెట్టుకున్నాను. ఏమీ మారకపోయినా పది నిమిషాలకోసారి ఒక ఫోటో వెళ్లాలి, లేకపోతే కెమెరా బతికుందో లేదో తెలీదు. 'డూప్లికేట్' అని ఆపేసిన వాటిలో నూటికి ఒకటి గుడ్డిగా ఏరి పంపాలి. వడపోత ఏం మింగేస్తోందో చూడ్డానికి అదొక్కటే దారి. ఎన్ని ఆపిందో ఆ లెక్క కూడా వెళ్లాలి. ఒరిజినల్స్ కొన్నాళ్లు మెమరీ కార్డులోనే ఉండాలి. కార్డు మాత్రం మామూలుది వద్దు, రోజంతా రాస్తుంటే తొందరగా పోతుంది. ఎండ్యూరెన్స్ అని రాసి ఉన్నది తీసుకోండి.

ఇక బాక్స్ మీద 'ఏఐ' అని రాసిన కెమెరా కొనబోతున్నారా? మెగాపిక్సెల్స్ తర్వాత చూద్దురు గానీ, మనిషిని గుర్తుపట్టేది కెమెరాలోనా, క్లౌడ్‌లోనా అని ముందు అడగండి. రూటర్ తీసేసి, కెమెరా ముందు నడిచి, మళ్లీ పెట్టాక కార్డులో ఆ క్లిప్ ఉందో లేదో చూడండి. ఈసారి దూరంగా, గోడ పక్కన నడవండి.