మెమ్‌కాపీ స్పీడ్ పెంచారు.. పాటలు గరగరలాడాయి! అసలు ఈ స్పీడ్‌ను ఎలా కొలుస్తారు?

పాట విన్నా, వీడియో చూసినా కంప్యూటర్ లోపల ఓ పని ఆగకుండా జరుగుతూనే ఉంటుంది. మెమరీలో ఒకచోట ఉన్న డేటాను ఇంకోచోటికి కాపీ చేయడం. సీ లాంగ్వేజ్‌లో దీనికోసం 'మెమ్‌కాపీ' అనే ఫంక్షన్ ఉంది. దీన్ని కాస్త స్పీడప్ చేసినా అన్ని ప్రోగ్రామ్‌లకూ లాభమే. అయితే స్పీడ్ నిజంగా పెరిగిందని ఎలా తెలుస్తుంది?

2010లో ఇదే పెద్ద రచ్చ అయింది. ఫెడోరా 14 లైనక్స్‌కు మారిన యూజర్లకు ఫ్లాష్ ప్లేయర్‌లో సౌండ్ గరగరమంటూ వచ్చింది. కారణమేంటంటే.. స్పీడ్ కోసం జీలిబ్‌సీలో కొత్తగా రాసిన మెమ్‌కాపీ, కొన్ని ప్రాసెసర్లపై డేటాను చివరి నుంచి వెనక్కి కాపీ చేస్తోంది. రెండు చోట్లు ఒకదానిపై ఒకటి పడితే మెమ్‌కాపీ వాడకూడదు, 'మెమ్‌మూవ్' వాడాలి. ఇది రూల్. ఫ్లాష్ ఆ రూల్ పాటించలేదు. తప్పు ఫ్లాష్‌దే అయినా, ఇబ్బంది పడింది మాత్రం యూజర్లు. లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ కూడా ఇదే వాదించారు. పైగా స్పీడ్ పెరిగిందన్న మాటనే ప్రశ్నించారు. చివరికి పాత ప్రోగ్రామ్‌లకు మెమ్‌మూవ్‌నే ఇచ్చేలా జీలిబ్‌సీ 2.14లో మార్పు చేశారు.

వెయ్యిసార్లు కాపీ చేసి టైమ్ చూస్తే సరిపోదా? సరిపోదు. అదే 4 కేబీని మళ్లీ మళ్లీ కాపీ చేస్తే, అది ప్రాసెసర్ క్యాష్‌లోనే కూర్చుంటుంది. స్పీడ్ అదిరిపోతుంది. కానీ మామూలు ప్రోగ్రామ్‌లో డేటా అలా రెడీగా ఉండదు కదా! పోనీ వందల ఎంబీలు కాపీ చేస్తే? అప్పుడు కొలిచేది ఫంక్షన్‌ను కాదు, ర్యామ్‌ను. డీడీఆర్4-3200 ఒక్క ఛానల్ గరిష్ఠ వేగం సెకనుకు 25.6 జీబీ. కాపీ అంటే చదవాలి, రాయాలి. కాబట్టి ఎంత గొప్ప కోడ్ రాసినా 12.8 జీబీ దాటదు.

ఇంకో తిరకాసు కంపైలర్‌తో. కాపీ చేసిన డేటాను ఎక్కడా వాడకపోతే, అది ఆ కాపీనే ఎత్తేస్తుంది. ఇక టైమ్ దాదాపు సున్నా! కొత్తగా తీసుకున్న మెమరీలో తొలిసారి రాస్తే మాత్రం రివర్స్. పేజీలు కేటాయించడానికి ఆపరేటింగ్ సిస్టమ్‌కు పట్టే టైమ్ కూడా కాపీ ఖాతాలోనే పడుతుంది. అందుకే మొదటి రౌండ్‌ను లెక్కలోకి తీసుకోరు.

సైజు సంగతి మరీ ముఖ్యం. ప్రతిసారీ ఒకే సైజు ఇస్తే ప్రాసెసర్ ముందే ఊహించేస్తుంది. 2021లో గూగుల్ ఇంజినీర్లు ఈ చిక్కును మరోలా విప్పారు. తమ సర్వర్లలో ఏ సైజు కాపీలు ఎంత తరచుగా జరుగుతున్నాయో చూసి, అదే నిష్పత్తిలో టెస్ట్ చేశారు.